ఎస్ఈఓ మొదలుపెట్టే ముందు వెబ్‌సైట్ లక్ష్యాలు ఎలా పెట్టుకోవాలి?

"గూగుల్ మొదటి పేజీలో రావాలి" అన్నది కోరిక, లక్ష్యం కాదు. ఏం వెతికితే రావాలి, అలా వచ్చినవాళ్లు సైట్‌లో ఏం చేయాలి అన్నది తేల్చుకోకుండా ఎస్ఈఓలోకి, అంటే సెర్చ్ ఫలితాల్లో సైట్ పైకి వచ్చేలా చేసే పనిలోకి దిగితే, ఆరు నెలల తర్వాత పని ఫలించిందో లేదో చెప్పడానికి ఆధారమే ఉండదు.

కాబట్టి ముందు సైట్‌లో జరగాల్సిన ముఖ్యమైన పని ఒక్కటి రాసుకోండి. ఎంక్వైరీ ఫారం నింపడమా, ఆర్డర్ పెట్టడమా, ఫోన్ చేయడమా? మిగతావన్నీ రెండో వరసలోకి వెళ్లాలి. అయిదారు లక్ష్యాలు ఒకేసారి పెట్టుకుంటే ఏ పేజీ ముందు రాయాలో కూడా తేలదు.

ఇక అక్కడినుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రండి. నెలకు 30 ఎంక్వైరీలు కావాలనుకుందాం. సెర్చ్ నుంచి వచ్చే ప్రతి వందమందిలో ఇద్దరు ఫారం నింపుతుంటే, 1,500 క్లిక్‌లు కావాలి. ఇప్పుడు 600 వస్తున్నాయంటే లోటు 900. మీ పేజీలు కనిపించిన ప్రతి వందసార్లలో మూడుసార్లు క్లిక్ పడుతోందనుకుంటే, ఆ 900 కోసం ఇంకో 30,000 ఇంప్రెషన్లు (సెర్చ్ ఫలితాల్లో పేజీ కనిపించిన సార్లు) రావాలి. మీ విషయం గురించి నెలకు అన్ని వెతుకులాటలు అసలు జరుగుతున్నాయా? గూగుల్ యాడ్స్‌లోని కీవర్డ్ ప్లానర్‌లో చూస్తే ఉజ్జాయింపుగా తెలుస్తుంది. జరగడం లేదంటే ఎంత కష్టపడ్డా ఆ అంకె అందదు. అప్పుడు ఫారం ఉన్న పేజీని బాగుచేయడం మేలు: వందకు నలుగురు నింపితే 750 క్లిక్‌లే సరిపోతాయి. ఈ శాతాలు మాత్రం మీ సైట్‌వే అయి ఉండాలి, ఎవరో చెప్పిన సగటుతో లెక్క కట్టకండి.

ఆ శాతాలు నమ్మదగ్గవిగా ఉండాలంటే కొలత సరిగ్గా ఉండాలి. ఫారం బటన్ నొక్కడాన్ని లెక్కించకండి. ఫోన్ నంబరు తప్పు కొట్టి, ఎర్రర్ వచ్చి, మళ్లీ నొక్కినా అది ఇంకో ఎంక్వైరీగా పడిపోతుంది. ఫారం నిజంగా అందాక తెరుచుకునే థాంక్యూ పేజీని గూగుల్ అనలిటిక్స్‌లో (సైట్‌కు వచ్చినవాళ్లు ఏం చేశారో చూపే టూల్) కీ ఈవెంట్‌గా, అంటే లెక్కించాల్సిన ముఖ్యమైన పనిగా గుర్తించండి. అక్కడే డేటా రిటెన్షన్ (వివరాలు దాచి ఉంచే గడువు) 2 నెలలకు పెట్టి ఉంటే 14 నెలలకు మార్చండి. లేకపోతే ఎక్స్‌ప్లొరేషన్లలో, అంటే అక్కడ మీరు సొంతంగా తయారుచేసుకునే రిపోర్టుల్లో పాత వివరాలు దొరకవు. గూగుల్ సెర్చ్‌లో మీ సైట్‌కు వచ్చిన ఇంప్రెషన్లూ క్లిక్‌లూ చూపే సెర్చ్ కన్సోల్ 16 నెలల లెక్కే ఉంచుతుంది. కాబట్టి పని మొదలయ్యే రోజే పాత అంకెలు డౌన్‌లోడ్ చేసి దాచుకోండి.

చాలామంది వదిలేసే అడుగు ఒకటుంది: మీ సంస్థ పేరుతో వెతికినవాళ్లను విడదీయడం. వాళ్లకు మీరు ముందే తెలుసు. ఎక్కడో ప్రకటన వేస్తే ఆ వెతుకులాటలు పెరుగుతాయి, ఘనత ఎస్ఈఓ ఖాతాలో పడుతుంది. సెర్చ్ కన్సోల్‌లో క్వెరీ (జనం వెతికిన మాటలు) ఫిల్టర్ పెట్టి మీ పేరునూ, దాన్ని జనం తప్పుగా రాసే రూపాలనూ తీసేసి చూడండి. అలా ఫిల్టర్ పెట్టగానే గూగుల్ గోప్యత కోసం దాచే అరుదైన క్వెరీలు కూడా లెక్కలోంచి పోతాయి. అందుకే ఫిల్టర్ చేసిన అంకెను ఫిల్టర్ చేసిన అంకెతోనే పోల్చాలి.

సగటు ర్యాంకును లక్ష్యంగా పెట్టుకోవద్దని గట్టిగా చెబుతాం. కొత్త పేజీలు నలభయ్యో స్థానంలో కనిపించడం మొదలవగానే సగటు దిగజారుతుంది, అదే నెలలో క్లిక్‌లు పెరిగినా సరే.

గడువు విషయానికొస్తే, మార్పులు చేశాక ఫలితం కనిపించడానికి సాధారణంగా నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని గూగులే చెబుతోంది. సీజన్ ప్రభావం ఉండే వ్యాపారమైతే గత నెలతో కాదు, నిరుడు ఇదే నెలతో పోల్చండి. కొత్త సైటైతే పోల్చడానికి పాత అంకెలే ఉండవు. మొదటి మూడు నెలలూ ముఖ్యమైన పేజీలన్నీ ఇండెక్స్ అయ్యాయా (గూగుల్ తన జాబితాలో చేర్చుకుందా), ఇంప్రెషన్లు పెరుగుతున్నాయా అన్నవి చూసుకుంటే చాలు. ఎంక్వైరీల అంకె ఆ తర్వాత పెట్టుకోవచ్చు.