ఇనుప ఉల్క ముక్కతో లాకెట్: తుప్పు పట్టకుండా చేయడం ఎలా?

కోసిన ఇనుప ఉల్క ముక్కకు యాసిడ్ పూస్తే దాని లోపలి లోహపు అల్లిక గీతలుగా పైకి తేలుతుంది. ఆ గీతలు తేల్చడం పెద్ద పనేం కాదు, అరగంటలో అయిపోతుంది. తేలాక ముక్కను ఆరబెట్టడమే అసలు పని. చెడిపోయేది అక్కడే. వీడియో చూసి యాసిడ్ పూస్తారు, బోరు నీళ్లతో కడుగుతారు, గుడ్డతో తుడిచి ఔసలి చేతిలో పెడతారు. నెల తిరిగేలోపు వెండి అంచు వెంబడి ఎర్రటి చారలు దిగుతాయి. అప్పుడు అమ్మినవాడు నకిలీది అంటగట్టాడని తిడతారు. చాలాసార్లు ముక్క మంచిదే, కడిగిన నీళ్లు చెడ్డవి.

ముందు కాలం చూసుకోండి. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఈ పని ఎండాకాలంలోనే చేయాలి. మార్చి నుంచి రోహిణి కార్తె దాకా గాలిలో తేమ తక్కువ. మిరుగు వచ్చిందంటే ముక్కను సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో వేసి మూత పెట్టండి, మళ్లీ ఎండలు ముదిరాకే తీయండి.

ముక్క ఎంపిక. చేనులో దొరికిన నల్లరాయి అయస్కాంతానికి అంటుకోగానే ఉల్క అయిపోదు. మన దగ్గర అలా దొరికేవి ఎక్కువగా డోలరైట్ రాళ్లు, లేదా పాత కొలుముల ఇనుప చిట్టెం. లోపల బుడగల గుంటలు కనిపిస్తే అది చిట్టెమే అనుకోవచ్చు. నిజంగా ఉల్కేనని అనుమానం వస్తే కోయకండి, దాన్ని భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చూపించాలి. దేశంలో పడిన ఉల్కల భాండాగారం కోల్‌కతాలో వాళ్ల దగ్గరే ఉంది.

లాకెట్ కోసం కోసి అమ్మే పలక కొనుక్కోవాలి. లాకెట్‌కు సరిపోయే ఉల్కలు రెండు: స్వీడన్‌లో దొరికిన ముయోనియోనలుస్తా, నమీబియాలో దొరికిన గిబియన్. రెండింటిలోనూ గీతలు సన్నం, మిల్లీమీటరులో మూడో వంతు ఉంటాయి, కాబట్టి చిన్న లాకెట్‌లో కూడా అల్లిక నిండుగా కనిపిస్తుంది. అర్జెంటీనా ఉల్క కాంపో డెల్ సియెలో చవకగా వస్తుంది కానీ దాని పట్టీలు మిల్లీమీటర్ల వెడల్పు, బొటనవేలి గోరంత ముక్కలో అడ్డదిడ్డంగా రెండు చారలు తప్ప ఏమీ కనపడదు. గిబియన్ తుప్పుకు బాగా ఆగుతుంది. ముయోనియోనలుస్తా మొండిది, తుప్పు దాని నైజం. మందం 2 మిల్లీమీటర్లకు తగ్గొద్దు. 20×15×2 కొలతల పలక 4.7 గ్రాముల దగ్గర తూగాలి, బాగా తేలికైతే వెనక్కి పంపేయండి.

నునుపు చేయడం. అద్దం పలక మీద వాటర్ పేపర్ పరిచి 220, 400, 800 నంబర్ల వరుసలో రుద్దండి. పేపర్ మార్చినప్పుడల్లా ముక్కను అడ్డంగా తిప్పాలి, అప్పుడే పాత గీతలు పోయాయో లేదో తెలుస్తుంది. తడికి నీళ్లు వాడొద్దు, కిరోసిన్ గానీ స్పిరిట్ గానీ వాడండి. 800 దాటి అద్దంలా మెరిపించాల్సిన పని లేదు, యాసిడ్ తగలగానే ఆ మెరుపు ఎలాగూ పోతుంది. వెనకవైపూ అంచులూ కూడా రుద్దాలి. కోత రంపం వదిలిన గరుకులో తేమ దాక్కుంటుంది.

గీతలు తేల్చడం. బయట, గాలి ఆడేచోట, నైట్రైల్ గ్లవ్స్, రక్షణ కళ్లద్దాలు పెట్టుకుని చేయండి. కావాల్సింది నత్రికామ్లం (నైట్రిక్ యాసిడ్), మన ఔసలులు తేజాబ్ అనేది. అయితే ఔసలి సీసాలోది తేవొద్దు. బంగారం కరిగించే మిశ్రమంలో ఉప్పు తేజాబ్ (హైడ్రోక్లోరిక్ యాసిడ్) కూడా కలిసి ఉంటుంది. అందులోని క్లోరైడ్ ఉల్కకు విషం. ల్యాబ్ కెమికల్స్ షాపులో 70 శాతం ఆమ్లం అడగండి. 2013 సుప్రీంకోర్టు ఆదేశాల ప్రకారం గుర్తింపు కార్డు చూపించి, ఎందుకో చెప్పి, రిజిస్టర్‌లో రాయించాలి, 18 నిండనివాళ్లకు అమ్మరు.

గాజు గిన్నెలో 95 మిల్లీలీటర్ల ఇథనాల్ పోసి, దానిలోకి 5 మిల్లీలీటర్ల ఆమ్లం చుక్క చుక్కగా వేయండి. ఆమ్లంలోకి ఇథనాల్ పోయకూడదు. పాళ్లు పెంచితే పని తొందరగా అవుతుందనుకోవద్దు, ఎక్కువైతే ఈ మిశ్రమం పేలుతుంది. మూత బిగించి దాచొద్దు, దగ్గర్లో ఎసిటోన్ సీసా ఉంచొద్దు. మెత్తటి కుంచెతో ముక్క మొత్తం తడిసేలా పూస్తూ ఉంటే నిమిషంలో గీతలు పైకొస్తాయి. అరనిమిషానికోసారి ఇథనాల్‌లో ముంచి చూడండి. మూడు, నాలుగు నిమిషాలకు మించొద్దు. ఉల్కలో ఉండేది రెండు రకాల ఇనుము-నికెల్ లోహం. ఆమ్లం తక్కువ నికెల్ ఉన్న కామసైట్‌ను తింటుంది, ఎక్కువ నికెల్ ఉన్న టేనైట్ నిలబడుతుంది. ఆ ఎత్తుపల్లాలే మనకు కనిపించే అల్లిక. గ్రహశకలం గర్భంలో లక్షల ఏళ్లపాటు చల్లారితే తప్ప ఈ రెండూ ఇలా విడిపోవు, అందుకే కొలిమిలో దీనికి నకిలీ రాదు. 1804లో విలియం థామ్సన్ నేపుల్స్‌లో ఉల్క తుప్పు వదిలించబోయి నత్రికామ్లం పూస్తే గీతలు కనిపించాయి. పేరు మాత్రం 1808లో వియన్నాలో వాటిని చూసిన విడ్మన్‌స్టాటెన్‌కు దక్కింది.

చాలామంది సర్క్యూట్ బోర్డులు చెక్కే ఫెర్రిక్ క్లోరైడ్ వాడతారు, చవక, కోఠిలో దొరుకుతుంది. అది వద్దు. అల్లిక చక్కగానే తేలుతుంది కానీ, పేరులోనే ఉన్న క్లోరైడ్‌ను స్వయంగా పగుళ్లలోకి ఎక్కించినట్టవుతుంది.

ఇక ఆరబెట్టడం. ఇక్కడ నిదానించండి.

ఇనుప ఉల్క గట్టి దిమ్మలా కనిపిస్తుంది గానీ కామసైట్, టేనైట్ పొరల మధ్య వెంట్రుకకన్నా సన్నటి సందులుంటాయి. క్లోరైడ్ దూరేది అక్కడికే. తేమ తగిలితే ఇనుముతో కలిసి తుప్పు చేస్తుంది, తుప్పు ఏర్పడేటప్పుడు మళ్లీ విడిపడి పక్క ఇనుము మీద పడుతుంది. అది ఖర్చయిపోయే సరుకు కాదు. పైన ఎర్ర మచ్చ గీకినా నాలుగు రోజుల్లో అక్కడే మళ్లీ మొలవడం అందుకే.

కాబట్టి నల్లా నీళ్లు, బోరు నీళ్లు, ఆర్వో నీళ్లు ఏవీ ముక్కకు తగలకూడదు. నల్లగొండ బోర్ల ఫ్లోరైడ్ సంగతి దేశమంతటికీ తెలుసు. ఉల్కకు మాత్రం ఫ్లోరైడ్‌కన్నా ఆ నీళ్లలోనే ఉండే ఉప్పులోని క్లోరైడ్‌తో ప్రమాదం. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉండనే ఉంటుంది. బ్యాటరీ షాపులో అమ్మే డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే వాడాలి.

100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో టీస్పూన్ వంటసోడా కలిపి, బుడగలు ఆగేదాకా ముక్కను అందులో ఉంచండి. మెత్తటి బ్రష్‌తో అంచులు రుద్దండి. తర్వాత శుభ్రమైన డిస్టిల్డ్ వాటర్‌లో మూడుసార్లు, ప్రతిసారీ నీళ్లు మార్చి ముంచండి. వాడిన ఆమ్లాన్ని కూడా సోడాతో చల్లార్చాకే పారబోయాలి.

కడగ్గానే వేడి చేయాలని చూస్తారు, అక్కడ తొందరపడొద్దు. సందుల్లో నీళ్లు ఉండగా వేడి పెడితే ఆవిరి బయటకు రాకముందే తుప్పు మొదలవుతుంది. ముందు నీళ్లను స్పిరిట్‌తో బయటకు తోలాలి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఒక రోజంతా మునిగేలా ఉంచి, అది పారబోసి, కొత్తదాంట్లో మరో రోజు ఉంచండి. మెడికల్ షాపులో దొరికే 70 శాతం రకం పనికిరాదు, మిగతా 30 శాతం నీళ్లే. తీశాక నీడలో, మంటకు దూరంగా వాసన పూర్తిగా పోయేదాకా ఆరనివ్వాలి. ఆ తర్వాతే చిన్న ఓవెన్‌లో 100 డిగ్రీల దగ్గర రెండు గంటలు. ఆల్కహాల్ తడితో ఓవెన్‌లో పెడితే అంటుకుంటుంది. గ్యాస్ పొయ్యి మీద పెనం జోలికి పోవద్దు, దాని వేడి మీ చేతిలో ఉండదు.

చల్లారాక ఉత్త చేత్తో ముట్టుకోకుండా, పట్టకారుతో తీసి మూతున్న డబ్బాలో సిలికా జెల్ లేకుండా పది రోజులు పెట్టండి. పరీక్ష ఇదే. చెమట బొట్టులాంటి తేనెరంగు చుక్కలు గానీ, గోధుమ రంగు చుక్కలు గానీ కనిపిస్తే క్లోరైడ్ మిగిలే ఉంది. మళ్లీ 800 పేపర్ నుంచి మొదలు. ఈ పది రోజులు ఆగలేక ఔసలి దగ్గరకు పరిగెత్తేవాళ్లకు వెండి, కూలి రెండూ దండగ.

నెగ్గితే మైక్రోక్రిస్టలిన్ మైనం పలుచగా రాసి గుడ్డతో మెరుగు పెట్టండి. కొబ్బరినూనె, గోళ్ల రంగు, వార్నిష్ వద్దు. వార్నిష్ కింద తుప్పు కనపడకుండా పెరుగుతుంది.

ఔసలికి మూడు మాటలు చెప్పాలి. వెండి గూడు ముందే అతికి, మెరుగు పెట్టి, చల్లారాకే ముక్కను కూర్చి అంచు నొక్కాలి. టంకం వేడి తగిలితే గీతలు మాసిపోతాయి. ముక్క కూర్చాక చింతపండు పులుసులో గానీ పటిక నీళ్లలో గానీ వేయొద్దు, అలవాటుగా వేసేస్తారు, అందుకే ఎదురుగా కూర్చోండి. గూడు అడుగు మూసేసి ముక్కకీ వెండికీ మధ్య ఎపాక్సీ పొర పెట్టించండి. చెమట తగిలినచోట వెండి పక్కనున్న ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. పైగా ఉల్కలో నికెల్ ఉంటుంది, పడనివాళ్లకు చర్మం దురద పెడుతుంది.

ఉంగరం మాత్రం వద్దు, లాకెట్ ఒక్కటే. శనికి నాడా ఉంగరం బదులు ఇది పెట్టుకోవచ్చా అని అడుగుతుంటారు. శని సంగతి ఏమో గానీ, రోజుకు పదిసార్లు సబ్బుతో కడిగే చేతికి ఉల్క ఆగదు. లాకెట్ కూడా స్నానానికి ముందు తీసేయాలి. నెలకోసారి 99 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, మళ్లీ మైనం రాయండి. గీతలు మసకబారితే గూడులోంచి తీయించి 800 పేపర్ దగ్గర్నుంచి మొత్తం మళ్లీ చేయొచ్చు. 2 మిల్లీమీటర్ల పలక కొనమన్నది అందుకే.