ఫ్రిజ్‌కి సోడా కుళాయి పెట్టాక కూలింగ్ తగ్గిందా? గ్యాస్ ఎక్కించే ముందు కన్నం చూడండి

బరంపురం, పర్లాకిమిడి వైపు ఇళ్లలో పాత ఫ్రిజ్‌లో సోడా ట్యాంకు పెట్టుకుని, ఫ్రిజ్‌కి కన్నం పెట్టి బయటికి కుళాయి తీసేవాళ్లు ఉన్నారు. బిగించిన కొత్తలో బాగానే ఉంటుంది, కొన్నాళ్లకి "కూలింగ్ లేదు, గ్యాస్ పోయినట్టుంది" అని ఫోను. కన్నం చుట్టూ ఒకసారి చెయ్యి పెట్టి చూశారా అంటే మాత్రం ఎవరూ చూసి ఉండరు.

డ్రిల్లు దిగగానే బుస్సుమని చప్పుడు

గ్యాస్ పైపు తెగింది. ఇప్పటి చాలా ఫ్రిజ్‌లలో వేడి పైపులు పక్క రేకుల లోపలే ఉంటాయి, తలుపు ఆనే చట్రం చుట్టూ కూడా ఒకటి తిరుగుతుంది. కన్నం పెట్టే ముందు అవెక్కడున్నాయో చూడాలంటే, కంప్రెసర్ ఆగి ఉన్నప్పుడు తడిమితే ఏమీ తెలియదు, కాసేపు ఆడాక తడమాలి. కంప్రెసర్ స్టిక్కర్ మీద ఆర్-600ఎ అని ఉంటే అది ఐసోబ్యూటేన్, మంట అంటుకునే వాయువు. స్విచ్చులు ముట్టుకోకుండా కిటికీలు తీసి బయటికి వచ్చేయండి, తర్వాత మెకానిక్కే. ఇంకా కన్నం పెట్టనివాళ్లు తలుపుకే పెట్టుకోండి, మామూలు తలుపులో గ్యాస్ పైపులు ఉండవు. డిస్‌ప్లే ఉంటే వైర్లుంటాయి, చూసుకోవాలి. డ్రిల్లు పెట్టే ముందు ఫ్రిజ్ ప్లగ్గు తీయడం చెప్పక్కర్లేదనుకుంటాను.

కంప్రెసర్ ఆగట్లేదు, కింది అరలు చల్లబడట్లేదు

అందరూ గ్యాస్ అని తేల్చేసేది ఇక్కడే. గ్యాస్ తగ్గితే ఫ్రీజర్‌లో మంచు ఒక మూలకే పడుతుంది, పక్క రేకులు వేడెక్కవు. ఫ్రీజర్ గట్టిగా గడ్డకడుతూ, పక్కలు కాలుతూ, కింద మాత్రం చల్లదనం లేకపోతే కన్నాన్ని అనుమానించండి. చుట్టూ పొడిగుడ్డతో తుడిచి, కాసేపయ్యాక చూడండి. అక్కడ మాత్రమే మళ్లీ చెమట పట్టిందంటే రేకు లోపల వేడిని ఆపే ఫోమ్ తడిసి ఉండొచ్చు.

లోపలివైపు సిలికాన్ పూసేసి పని అయిపోయిందనుకోవడమే దీనికి కారణం. తేమ వచ్చేది బయటి వేడిగాలితో. గోపాల్‌పూర్ సముద్రగాలి తగిలే ఊళ్లలో, అందులోనూ వానాకాలంలో, ఆ గాలి బయటి సందులోంచి దూరి చల్లటి ఫోమ్‌లో నీరై నిలిచిపోతుంది, తడిసిన ఫోమ్ వేడిని ఆపదు, దాంతో కంప్రెసర్‌కి విశ్రాంతి ఉండదు. బయట పూసినవాళ్లు కూడా తరచూ వదిలేసే సందు ఇంకొకటుంది: కన్నంలో దూర్చిన పీవీసీ గొట్టానికి, దానిలోంచి వెళ్లే సోడా ట్యూబుకి మధ్య ఖాళీ. పైనుంచి చూస్తే అంతా మూసేసినట్టే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. నేను ముందు చూసేది అదే.

ఫ్రిజ్ ఆపి, తలుపులు తెరిచి, ట్యూబు, గొట్టం రెండూ లాగేయండి. వేలితో ఫోమ్ నొక్కి, తడి తగిలినంత మేరా తవ్వి తీసేయండి, పొడి ఫోమ్ వచ్చేదాకా. ఫ్యాను పెట్టి బాగా ఆరనివ్వండి, తొందరపడితే తడి లోపలే బందీ అవుతుంది. తర్వాత గొట్టం పెట్టి చుట్టూ స్ప్రే ఫోమ్ కొద్దికొద్దిగా నింపండి, ఎక్కువ కొడితే ఉబ్బి లోపలి ప్లాస్టిక్‌ని తోసేస్తుంది. ట్యూబు పక్క ఖాళీని కూడా నింపి, బయటా లోపలా న్యూట్రల్ సిలికాన్ పూయండి. వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు, కోసిన రేకు అంచు తుప్పు పడుతుంది. 24 గంటలు ముట్టుకోకండి. ట్యూబు బయటివైపు కిందికి వాలేలా ఉండాలి, లేకపోతే దానిమీది నీళ్లు కన్నంలోకే జారతాయి.

మిగతావి

కన్నం పెట్టాక లోపలి లైటు ఆరిపోతే వైరు తెగి ఉండొచ్చు, అరుదు, ఎలక్ట్రీషియన్‌కి చూపించండి. కుళాయిలోంచి ఒట్టి నురుగే వస్తుంటే ముందు బయటి ట్యూబు వేడెక్కుతోందేమో చూడండి, ఏసీ పైపులకి వేసే నల్ల తొడుగు వేస్తే చాలావరకు తగ్గుతుంది.