తీవ్రమైన జబ్బులో ఆందోళనకు వైద్య గంజాయి: ఎలా మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి

క్యాన్సర్, మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడు, వెన్నుపాము నరాలను దెబ్బతీసే జబ్బు), గుండె బలహీనత, మార్పిడి చేయించుకున్న కాలేయం... జబ్బు ఏదైనా, దాని వెంటే ఆందోళన కూడా వస్తుంది. స్కాన్ రిపోర్టు చేతికొచ్చేవరకు నిద్ర పట్టదు. వచ్చాక మరో రకం గుబులు మొదలవుతుంది. ఇలాంటివారికి ఎవరో ఒకరు వైద్య గంజాయి గురించి చెప్పక మానరు. కొందరి దృష్టిలో అది సంజీవని, మరికొందరికి దాని పేరెత్తడమే పాపం. రోగికి ఈ రెండు మాటలూ అక్కరకు రావు.

2019లో ‘ది లాన్సెట్ సైకియాట్రీ’ పత్రికలో 83 అధ్యయనాలను పరిశీలించిన సమీక్ష ఒకటి వచ్చింది. మానసిక రుగ్మతలకు గంజాయి మందులు పనిచేస్తాయనడానికి ఆధారాలు బాగా తక్కువని అది తేల్చింది. దీర్ఘకాలిక నొప్పి, మల్టిపుల్ స్క్లెరోసిస్ వంటి జబ్బులున్నవారిలో మాత్రం టీహెచ్‌సీ (గంజాయిలో మత్తు కలిగించే పదార్థం) ఉన్న మందులతో ఆందోళన కొంత తగ్గినట్టు కనిపించింది. ఆ ఆధారం కూడా బలహీనమైనదేనని సమీక్షకులే రాశారు. అందువల్ల దీన్ని రుజువైన చికిత్స అనుకోకుండా, వైద్యుడి కనుసన్నల్లో, గడువు పెట్టుకుని చేసి చూసే ప్రయత్నం అనుకోవాలి.

1. ఆందోళన ఎక్కడినుంచి వస్తోందో ముందు తేల్చుకోండి

చాలామంది దాటేసే మెట్టు ఇది. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. తీవ్రమైన జబ్బులో ఉన్నవారి కంగారు అంతా మనసులో పుట్టినదే కానవసరం లేదు. కీమోతో పాటు ఇచ్చే డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు నిద్రను చెడగొట్టి, మనిషిని కుదురుగా ఉండనివ్వవు. వాంతులు ఆగడానికి ఇచ్చే మెటోక్లోప్రమైడ్ వల్ల కొందరికి కూర్చోలేని, నిలబడలేని అస్థిమితం వస్తుంది. చూసేవారికి, అనుభవించేవారికి కూడా అది ఆందోళనలాగే ఉంటుంది. ఉబ్బసానికి వాడే సాల్బుటమాల్ ఇన్‌హేలరు చేతులు వణికించి దడ పుట్టిస్తుంది. థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, రక్తంలో చక్కెర పడిపోవడం, ఆక్సిజన్ తగ్గడం, అదుపులో లేని నొప్పి, నిద్రమాత్రలనో మద్యాన్నో ఒక్కసారిగా మానేయడం కూడా ఇదే వేషంలో వస్తాయి.

మందు వేళ మార్చడంతోనో, మోతాదు సరిచేయడంతోనో పోయే కంగారుకు గంజాయి తెచ్చుకోవడం కొత్త తలనొప్పి. అందుకే ఆందోళన ఏ రోజు, ఏ వేళ, ఏ మందు వేసుకున్న తర్వాత పెరుగుతోందో ఒక వారం రాసి చూడండి. స్టెరాయిడ్ వేసుకున్న రెండు రోజులూ నిద్ర లేకపోయి మూడో రోజు నెమ్మదించిందంటే సమాధానం ఆ కాగితంలోనే ఉంది.

ఒక హెచ్చరిక. హఠాత్తుగా ఊపిరి అందకపోవడం, ఛాతీనొప్పి, స్పృహ తప్పుతున్నట్టుండడం వంటివాటిని ఆందోళన కిందికి నెట్టేయకండి. క్యాన్సర్ రోగుల్లో ఊపిరితిత్తుల్లోకి రక్తపు గడ్డ చేరే ప్రమాదం ఎక్కువ. దాని తొలి లక్షణం ఒక్కోసారి అకారణమైన భయంలా ఉంటుంది. అప్పుడు వెళ్లాల్సింది అత్యవసర విభాగానికి.

2. మిగతా దారులు చూశారా?

ఆలోచనల తీరును మార్చే కౌన్సెలింగ్ చికిత్సకు, కొన్ని రకాల డిప్రెషన్ మందులకు ఆందోళన విషయంలో గంజాయి కన్నా ఎంతో గట్టి ఆధారాలున్నాయి. అవి సరిపడక, లేదా జబ్బు వల్ల వాడలేక గంజాయి వైపు చూడడం వేరు, వాటిని ముట్టుకోకుండానే చూడడం వేరు. డాక్టరు ఈ ప్రశ్న తప్పకుండా అడుగుతారు, జవాబు సిద్ధంగా ఉంచుకోండి.

3. చట్టం

వైద్య గంజాయిని ప్రిస్క్రిప్షన్ మీద అనుమతించే దేశాలున్నాయి, ఏ రూపంలోనూ ఒప్పుకోనివీ ఉన్నాయి. ఒకే దేశంలో ప్రాంతానికో నియమం ఉండవచ్చు. మీరున్న చోట నియమం ఏమిటో అధికారిక వర్గాల నుంచే తెలుసుకోండి. ఒక చోట రాసిచ్చిన మందును సరిహద్దు దాటిస్తే అది నేరం కావచ్చు. చట్టం ఒప్పుకోని చోట ఈ వ్యాసంలోని మిగతా మెట్లు మీకు వర్తించవు.

4. అసలు వాడకూడనివారు

ఇటీవల గుండెపోటు వచ్చినవారు, గుండె లయ తప్పేవారు, ఛాతీనొప్పి అదుపులో లేనివారు టీహెచ్‌సీకి దూరంగా ఉండాలి. అది గుండె వేగాన్ని పెంచుతుంది, లేచి నిలబడినప్పుడు రక్తపోటును పడేస్తుంది. భ్రాంతులు, భ్రమలు ఉండే మానసిక రుగ్మత తమకు గానీ రక్తసంబంధీకులకు గానీ ఉన్నవారు, బైపోలార్ (ఉత్సాహం, కుంగుబాటు మధ్య మనసు విపరీతంగా ఊగే రుగ్మత) ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా వద్దనే చెప్పాలి. చిన్న వయసులో, అంటే మెదడు ఇంకా ఎదుగుతున్న దశలో, ముప్పు ఎక్కువ. కాలేయం బాగా దెబ్బతిన్నవారు, గతంలో ఏదైనా వ్యసనంతో పోరాడినవారు తమ నిపుణుడితో విడిగా మాట్లాడకుండా అడుగు వేయకూడదు.

5. మొత్తం మందుల జాబితాతో డాక్టరు ముందు కూర్చోండి

గంజాయిలో ముఖ్యమైనవి రెండు పదార్థాలు. మత్తు కలిగించేది టీహెచ్‌సీ. మత్తు లేనిది సీబీడీ. మత్తు లేదు కాబట్టి సీబీడీ నిరపాయమని చాలామంది అనుకుంటారు. మందులు ఎక్కువగా వాడేవారికి ఒక్కోసారి ఇదే ఎక్కువ ఇబ్బంది తెస్తుంది. కాలేయంలో మందులను విరిచే కొన్ని ఎంజైమ్‌లను సీబీడీ అడ్డుకుంటుంది. దాంతో ఇతర మందులు రక్తంలో పేరుకుపోతాయి.

రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ ప్రభావం పెరిగి రక్తస్రావం జరగవచ్చు. అవయవ మార్పిడి తర్వాత వాడే టాక్రోలిమస్ స్థాయి పెరిగితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. మూర్ఛకు వాడే క్లోబజామ్‌తో మగత ముంచుకొస్తుంది. మరో మూర్ఛ మందు వాల్ప్రోయేట్‌తో కలిస్తే కాలేయ ఎంజైమ్‌లు పెరిగే అవకాశం ఎక్కువ. నొప్పికి వాడే మార్ఫిన్, నిద్రకో ఆందోళనకో వాడే మాత్రలు, మద్యం... వీటిలో దేనితో కలిసినా మత్తు రెట్టింపై పడిపోయే ప్రమాదం ఉంది.

ఇమ్యునోథెరపీ (శరీర రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే చికిత్స) తీసుకుంటున్నవారు మరింత ఆగి ఆలోచించాలి. ఇజ్రాయెల్‌లో జరిగిన పరిశీలనల్లో గంజాయి వాడినవారికి ఆ చికిత్స ఫలితం తగ్గినట్టు కనిపించింది. కారణం గంజాయేనని రుజువు కాలేదు. అయినా ప్రాణం నిలబెట్టే చికిత్సను పణంగా పెట్టేటంత లాభం ఇందులో లేదు.

చికిత్స చేస్తున్న డాక్టరు దగ్గర దాచడం అన్నిటికన్నా ప్రమాదకరం. ఆయన కోప్పడతారని, ఆమె చిన్నచూపు చూస్తారని అనుకుని చాలామంది నోరు విప్పరు. సూటిగా ఇలా చెప్పవచ్చు: ‘ఆందోళనకు వైద్య గంజాయి ప్రయత్నించాలనుకుంటున్నాను. నా మందుల్లో దేనికి ఇది అడ్డం వస్తుంది? ముందుగా ఏ రక్తపరీక్షలు చేయించాలి, మళ్లీ ఎప్పుడు చేయించాలి?’ ప్రశ్న ఈ రూపంలో ఉంటే జవాబు కూడా పనికొచ్చేలా వస్తుంది. నాటు మందులు, విటమిన్లు, చుక్కల మందులు కూడా జాబితాలో చేర్చండి. ఫార్మసిస్టుకూ అదే జాబితా చూపండి, మందుల మధ్య గొడవలు పట్టుకోవడంలో వారి కన్ను మరింత చురుకు.

6. ఏ రూపంలో?

పొగ రూపంలో వద్దు. ఊపిరితిత్తులకు చేసే హాని ఒక ఎత్తు, రోగనిరోధక శక్తి తగ్గినవారికి పొంచి ఉన్న ముప్పు మరో ఎత్తు. ఎండు గంజాయిలో యాస్పర్‌జిల్లస్ అనే బూజు ఉండవచ్చు. కీమోలో ఉన్నవారికి, అవయవ మార్పిడి జరిగినవారికి అది ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్ తెచ్చిపెట్టగలదు. వేపింగ్, అంటే ద్రవాన్ని వేడిచేసి ఆ ఆవిరి పీల్చడం, కూడా నిశ్చింత కాదు. 2019లో అమెరికాలో వేలమంది ఊపిరితిత్తులు దెబ్బతిని ఆసుపత్రి పాలైనప్పుడు, అక్రమంగా అమ్మిన టీహెచ్‌సీ ద్రవాల్లో కలిపిన విటమిన్ ఇ అసిటేట్ ప్రధాన కారణంగా బయటపడింది.

మిగిలేవి నూనె చుక్కలు, క్యాప్సూళ్లు. లోపలికి తీసుకున్న మందు పనిచేయడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది, ఆరు నుంచి ఎనిమిది గంటలు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువసేపు ఉంటుంది. ఈ ఆలస్యమే ప్రమాదానికి మూలం. గంట గడిచినా ఏమీ అనిపించలేదని రెండో మోతాదు వేసుకుంటే, కాసేపటికి రెండూ కలిసి ఎక్కుతాయి. కొవ్వు ఉన్న భోజనంతో సీబీడీ నాలుగైదు రెట్లు ఎక్కువగా రక్తంలో చేరుతుంది. కాబట్టి రోజూ ఒకే రకంగా, అయితే భోజనం తర్వాత, లేకపోతే ఖాళీ కడుపుతో తీసుకోవాలి.

ఫార్మసీలో ప్రిస్క్రిప్షన్ మీద దొరికే మందునే ఎంచుకోండి. 2017లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో, ఆన్‌లైన్‌లో కొన్న 84 సీబీడీ ఉత్పత్తులను పరీక్షిస్తే 31 శాతం మాత్రమే లేబుల్‌కు తగ్గట్టు ఉన్నాయి. 18 ఉత్పత్తుల్లో టీహెచ్‌సీ ఉన్నట్టు తేలింది. లేబుల్ మీద రాసినదే సీసాలో ఉందని నమ్మడానికి బ్యాచ్‌వారీ ప్రయోగశాల నివేదిక ఒక్కటే ఆధారం. అందులో పురుగుమందులు, భార లోహాలు, బూజు పరీక్షలు కూడా ఉన్నాయో లేదో చూడండి.

7. మోతాదు

ఆందోళన విషయంలో టీహెచ్‌సీ రెండు నాలుకల మందు. చికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఆరోగ్యవంతుల మీద జరిగి 2017లో వెలువడిన ప్రయోగంలో, నలుగురి ముందు మాట్లాడే పరీక్ష పెట్టారు. 7.5 మిల్లీగ్రాములు తీసుకున్నవారికి ఒత్తిడి తగ్గింది. 12.5 మిల్లీగ్రాములు తీసుకున్నవారికి పెరిగింది. తేడా 5 మిల్లీగ్రాములే. ‘ఇంకొంచెం వేసుకుంటే ఇంకా బాగుంటుంది’ అనే లెక్క ఇక్కడ బోల్తా పడుతుంది.

సీబీడీది మరో కథ. ఆందోళన మీద జరిగిన ప్రయోగాల్లో ఎక్కువగా 300 నుంచి 600 మిల్లీగ్రాములు ఒకేసారి ఇచ్చారు. చుక్కల సీసాల్లో సాధారణంగా చెప్పే 10, 20 మిల్లీగ్రాములకు, ఆ ఫలితాలకు పొంతన లేదు. అలాగని మీరు 300 అందుకోకూడదు. మందుల మధ్య గొడవలు ముదిరేది అంత మోతాదుల్లోనే.

దీర్ఘకాలిక నొప్పికి నిపుణులు 2021లో ప్రకటించిన మార్గదర్శకం వైద్యులకు ఒక కొలబద్దగా ఉంది. రోజుకు రెండుసార్లు 5 మిల్లీగ్రాముల సీబీడీతో మొదలుపెట్టి, రెండు మూడు రోజులకోసారి పెంచుకుంటూ రోజుకు 40 వరకు వెళ్లడం, అప్పటికీ ఫలితం లేకపోతే 2.5 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ చేర్చడం దాని పద్ధతి. బలహీనంగా ఉన్నవారికి టీహెచ్‌సీ 1 మిల్లీగ్రాముతోనే మొదలుపెట్టాలి. మీ అంకె మీ డాక్టరు చెప్పినదే. మొదటి మోతాదు రాత్రివేళ, మర్నాడు బయటికి వెళ్లే పని లేనప్పుడు, ఇంట్లో మరొకరు మెలకువగా ఉండగా తీసుకోండి. ఆ వారంలో మరే మందూ మార్చవద్దు. మారిస్తే ఏది ఏం చేసిందో తేల్చలేరు.

8. రాసిపెట్టండి

తేదీ, వేళ, ఎన్ని మిల్లీగ్రాములు, భోజనం ముందా తర్వాతా, రెండు గంటల తర్వాత ఆందోళన పదికి ఎంత, నిద్ర, మగత, దడ. ఇంతే చాలు. వారానికోసారి జీఏడీ-7 అనే ఏడు ప్రశ్నల పట్టీ నింపండి. మొత్తం 21 మార్కులు, 10 లేదా ఆపైన వస్తే మధ్యస్థ ఆందోళన, 15 లేదా ఆపైన వస్తే తీవ్రమైనది. ‘కొంచెం బాగుంది’ అన్న మాటకన్నా 16 నుంచి 9కి తగ్గిందన్న అంకె డాక్టరుకు ఎక్కువ చెబుతుంది.

9. ఎక్కువైతే

కంగారు, దడ, తల తిరగడం, కాలం ఆగిపోయినట్టు అనిపించడం మోతాదు ఎక్కువైందనడానికి గుర్తులు. ఒరిగి కూర్చోండి, నీళ్లు తాగండి, వెలుతురు తగ్గించండి, నమ్మకమైన మనిషిని పక్కన ఉంచుకోండి. కొన్ని గంటల్లో దిగిపోతుంది. ఛాతీనొప్పి, స్పృహ తప్పడం, ఊపిరి నెమ్మదించడం, లేనివి కనిపించడం జరిగితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లి, ఏం తీసుకున్నారో చెప్పండి.

రోజూ వాడేవారిలో కొందరికి ఎడతెగని వాంతులు పట్టుకుంటాయి. వేడినీళ్ల స్నానంతో ఉపశమనం దొరకడం దాని ఆనవాలు. కీమో వాంతులనుకుని ఇంకాస్త గంజాయి వాడితే అవి మరింత ముదురుతాయి.

టీహెచ్‌సీ తీసుకున్న రోజున వాహనం నడపవద్దు. శస్త్రచికిత్స ఉంటే మత్తుమందు ఇచ్చే వైద్యుడికి ముందుగానే చెప్పండి. మందును తాళం వేసిన చోట ఉంచండి. చాక్లెట్ రూపంలో ఉన్నదాన్ని పిల్లలు మిఠాయి అనుకుని తింటే అత్యవసర విభాగం దాకా వెళ్లాల్సి వస్తుంది.

10. గడువు, ఆపడం

మొదలుపెట్టే రోజే ఆపే తేదీ కూడా రాసుకోండి. నాలుగు నుంచి ఆరు వారాలు సరిపోతాయి. ఆ రోజు డాక్టరుతో కలిసి పట్టీ ముందు పెట్టుకుని చూడండి: మార్కులు తగ్గాయా, రక్తపరీక్షలు సవ్యంగా ఉన్నాయా, మోతాదు పెంచుకుంటూ పోవాల్సి వస్తోందా? మూడో ప్రశ్నకు జవాబు అవునైతే, మొదటి రెండూ బాగున్నా ఆగడమే మేలు. శరీరం అలవాటు పడుతోందనడానికి అది గుర్తు.

రోజూ వాడినవారు ఒక్కసారిగా కాకుండా డాక్టరు చెప్పిన క్రమంలో తగ్గించుకోవాలి. మానేసిన ఒకటి రెండు రోజుల్లో చిరాకు, నిద్రలేమి, ఆకలి తగ్గడం, కంగారు మొదలై, మొదటి వారంలో ఎక్కువగా ఉండి, రెండు మూడు వారాల్లో సద్దుమణుగుతాయి. పాత ఆందోళన తిరగబెట్టిందనుకుని ఈ రోజుల్లోనే చాలామంది మళ్లీ సీసా తెరుస్తారు. మూడు వారాల తర్వాత కూడా జీఏడీ-7 మార్కులు దిగకపోతే, కొత్త సీసా కొనకుండా ఆ పట్టీ తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.