హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్ కొనేముందు
ఆటోనగర్‌లో వర్క్‌షాపైనా, గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ అయినా, ఉద్యోగుల హాజరు, జీతాల లెక్కలు చూసే ఈ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లను డెమోలకు తర్వాత పిలవొచ్చు, ముందు నెలాఖరున జీతాలు వేసే అకౌంటెంట్ పక్కన కూర్చుని ఏ రిజిస్టర్‌లోంచి ఏ ఎక్సెల్‌లోకి ఏం ఎక్కిస్తున్నారో, ఏది రెండుసార్లు రాస్తున్నారో కాగితం మీద పెట్టండి. అసలు అవసరాలు అక్కడే బయటపడతాయి.

సీజన్ కూలీలు, కాంట్రాక్టర్ మనుషులు లెక్కలోకి రావాలా? ఇప్పుడే తేల్చుకోండి. తప్పనిసరివి, ఉంటే బాగుండేవి విడగొట్టండి; ఓనరుగారు ముచ్చటపడే మొబైల్ యాప్ చాలాసార్లు రెండోదాంట్లోకే వెళ్తుంది.

డెమోలో మీ లెక్కే ఇచ్చి చూడండి: జూన్‌లో నెల జీతం పెరిగి ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) పరిమితి 21,000 దాటిన ఉద్యోగికి, ఆ చందా కాలం ముగిసే సెప్టెంబరు దాకా ఈఎస్‌ఐ కట్ అవుతూనే ఉండాలి. పాత డేటా ఎవరు ఎక్కిస్తారో, ఆధార్‌లో ఒక పేరు, పీఎఫ్‌లో ఇంకో పేరు ఉన్నవాళ్ల సంగతి ఎవరు చూస్తారో కొటేషన్‌లోనే రాయించుకోండి.