మామిడికాయలు మాగేలోపు కుళ్ళకుండా ఉండాలంటే కోసిన రోజే ఇలా చేయండి

బంగినపల్లి కోసినప్పుడు మచ్చ లేకుండా నున్నగా ఉంటుంది, గడ్డిలో వేసి నాలుగైదు రోజులకి తీస్తే తొడిమ చుట్టూ నల్లబడి బొటనవేలు పెడితే లోపలికి దిగిపోతుంది, ఒంటి మీద నల్ల మచ్చలు కూడా. అందరూ గడ్డిని తిడతారు గానీ ఈ కుళ్ళూ మచ్చలూ తెచ్చే బూజు చాలావరకు చెట్టు మీదే పడుతుందండీ, కాయ పిందెగా ఉన్నప్పుడే తొక్కలో చేరి కదలకుండా ఉంటుంది, కాయ మాగడం మొదలవ్వగానే లేస్తుంది. అందుకే మచ్చ కనపడ్డాక ఏం చేసినా లాభం లేదు.

కాయల్ని రాలగొట్టొద్దు, చిక్కంతో కోయండి, వీలైతే తొడిమ బెత్తెడు ఉంచి కోసి తర్వాత అర అంగుళానికి కత్తిరించి, సొన ఒంటి మీద కారకుండా కాసేపు బోర్లించండి. తొడిమ ఊడొచ్చిన కాయ ముందు కుళ్ళుతుంది, దాన్ని పచ్చడికి వాడేయండి.

ఇప్పుడు అసలు పని, వేడినీళ్ళు. 52 డిగ్రీల నీళ్ళలో 10 నిమిషాలు కాయలు పూర్తిగా మునగాలి. చేత్తో చూసి అంచనా వేయొద్దు ప్లీజ్, థర్మామీటర్ కొనండి, 55 దాటితే తొక్క కమిలిపోతుంది, 50 కంటే తగ్గితే బూజు చావదు. చల్లటి కాయలు వేయగానే నీళ్ళ వేడి పడిపోతుంది కాబట్టి పెద్ద డ్రమ్ములో ఎక్కువ నీళ్ళు పెట్టుకుని, కొన్ని కొన్నిగా వేస్తూ, కలుపుతూ, వేడినీళ్ళు కొంచెం కొంచెం పోస్తూ ఉండాలి. తీశాక నీడలో ఫ్యాను కింద తడి మొత్తం ఆరనివ్వండి, తడి మీద గడ్డి వేస్తే చేసిందంతా వేస్ట్.

ఇది ఒంటి మీద నల్ల మచ్చలు తెచ్చే మచ్చ తెగులుకి బాగా పనిచేస్తుంది, తొడిమ కుళ్ళుకి మాత్రం కొంతవరకే. తొడిమ కుళ్ళు బూజు ఎండు పుల్లల్లో బతుకుతుంది, తోట ఉన్నవాళ్ళు కోతలయ్యాక ఆ పుల్లలు కొట్టేసి కాల్చేయాలి, ఇది ఎవ్వరూ చేయరు, నాకు బాధేసేది అక్కడే.

కాయలు కుప్ప పోయొద్దు, ఒకే వరసలో పరవండి, కుప్పలో వేడెక్కి చెమట పడుతుంది. కార్బైడ్ జోలికి అసలు పోవద్దు, అది నిషేధం, పైగా కుళ్ళుని ఆపదు. పచ్చికాయల్ని ఫ్రిజ్‌లో పెట్టినా పాడవుతాయి, 13 డిగ్రీల కంటే చల్లదనం వాటికి పడదు. రోజూ పొద్దున్నే ఒక్కో కాయ తొడిమ దగ్గర నొక్కి చూసి, మెత్తబడింది అప్పుడే తీసేయండి, దాని రసం కారితే పక్క కాయలూ తడుస్తాయి.