గిటారు స్వయంబోధిని – 7వ పాఠం: తీగల ఎంపిక

క్రిందటి పాఠంలో శ్రుతి చేయడం నేర్చుకున్నాం. దానిని సాధన చేస్తున్నప్పుడు మీలో కొందరికి ఒక చిక్కు ఎదురై ఉంటుంది. ఆరు తీగలనూ ట్యూనర్ చూపినట్లే బిగించినా, ఏడో ఫ్రెట్టు (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీ) దాటి వేలు పెట్టగానే స్వరం పక్కకు జరుగుతుంది. వేళ్ళ తప్పేమోననుకొని అదే పాఠాన్ని పదే పదే వాయిస్తూ నొచ్చుకునేవారిని నేను చాలామందిని చూశాను. తీగలు పాతబడిన గిటార్లలో ఈ తప్పు వేళ్ళది కాదు, తీగలదే.

కాజీపేట నుంచి ఒక విద్యార్థి వచ్చి, "సార్, గిటార్ ఖరాబైంది, కొత్తది కొనాలా?" అని అడిగాడు. ప్రతి ఆదివారం చర్చి గాయకబృందంతో వాయించే అబ్బాయి. గిటారు అందుకొని మూడో తీగ అడుగున, రెండో ఫ్రెట్టుకు సరిగ్గా పైన ఉండే చోట, గోటితో మెల్లగా రాసి చూశాను. గోరు ఒక గుంతలో పడి ఆగింది. రోజూ ఫ్రెట్టుకు ఒత్తుకొని ఒత్తుకొని, తీగ చుట్టూ ఉన్న లోహం అక్కడ అరిగిపోయింది. తీగ పొడవునా బరువు ఒకే తీరుగా ఉన్నంతకాలమే అది శుద్ధ స్వరం పలుకుతుంది. ఒకచోట అరిగి మరొకచోట మురికి పేరుకుంటే ఆ సమతూకం చెడి, ఎంత శ్రుతి చేసినా నిలవదు. ఆ అబ్బాయికి కొత్త గిటారు అక్కరలేదు, కొత్త తీగలు చాలు. మీరు కూడా ఈ పాఠం ముందుకు చదివేలోపు మీ గిటారు తీగల అడుగున గోటితో ఒకసారి రాసి చూడండి.

తీగలు కొనేటప్పుడు మూడు విషయాలు తేల్చుకోవాలి: మందం, లోహం, పూత. ఈ వరుసలోనే తేల్చుకోవాలని నేను పట్టుబట్టి చెబుతాను. దుకాణంలో అట్టపెట్టె మీద మెరిసే అక్షరాలతో కనబడేది లోహం పేరు. చేతికీ చెవికీ ఎక్కువ తేడా తెచ్చేది మాత్రం మూలన చిన్న అంకెల్లో ఉండే మందం.

ఆ మందాన్ని గేజ్ అంటారు. అంగుళంలో వెయ్యో వంతు దాని కొలత. "12 సెట్" అన్నప్పుడు అందులో అన్నిటికన్నా సన్నని మొదటి తీగ మందం వెయ్యింట 12 వంతుల అంగుళం, అంటే సుమారు 0.30 మిల్లీమీటర్లు. ఆ సెట్టులో తీగలు సాధారణంగా 12, 16, 24, 32, 42, 53గా ఉంటాయి. 10 సెట్టులోనైతే 10, 14, 23, 30, 39, 47గా ఉంటాయి. అంకెల్లో రెండే తేడా కదా అని తేలికగా తీసుకోకూడదు. ఒకే పొడవులో ఒకే స్వరం పలకాలంటే తీగకు కావలసిన బిగువు దాని మందపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 645 మిల్లీమీటర్ల పొడవున్న మామూలు గిటారు మీద మొదటి తీగను శ్రుతి చేస్తే, 10వ నంబరు తీగ సుమారు 7.3 కిలోల బరువుతో లాగుతుంది. 11 అయితే 8.9, 12 అయితే 10.6, 13 అయితే 12.4 కిలోలు. 10 నుంచి 12కు మందం ఐదో వంతు పెరిగితే బిగువు దాదాపు సగం పెరిగినంత అయింది. మీ వేలి కొస మోయాల్సినది ఈ తేడానే.

ఆరు తీగలూ కలిపి చూస్తే 12 సెట్ గిటారు మెడను, బ్రిడ్జిని (పైచెక్క మీద తీగలు కట్టే చెక్కముక్కను) సుమారు 74 కిలోలతో లాగుతూ ఉంటుంది. పాతిక కిలోల బియ్యం బస్తాలు మూడు వేలాడదీసినట్లు లెక్క, అదీ రాత్రింబవళ్ళు. ఆ లాగుడే పైచెక్కను కదిలించి మోతనిస్తుంది కాబట్టి, మందమైన తీగలతో గిటారు బిగ్గరగా, నిండుగా పలుకుతుంది. సన్నని తీగలతో వేలికి సుఖంగా ఉంటుంది గానీ శబ్దం పలచబడుతుంది, గట్టిగా మీటితే తీగ ఫ్రెట్లకు తగిలి గరగరమంటుంది.

నేర్చుకోవడం మొదలుపెట్టి మూడు నెలలు దాటనివారు 10 లేదా 11 సెట్టుతో ఉండండి. ఆ తరువాత, గిటారు పెద్ద పెట్టెదైతే, 12కు మారండి. 12తో వేళ్ళు నొప్పి పెడుతున్నా ఆ నాదమే కావాలనుకునేవారికి ఒక మార్గం ఉంది. ఆరు తీగలనూ ఒక ఫ్రెట్టు మేర తగ్గించి శ్రుతి చేసి, మొదటి ఫ్రెట్టు మీద కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే బిగింపు) బిగించండి. తీగల బిగువు పదో వంతుకు కాస్త మించి తగ్గుతుంది, పాట మాత్రం అసలు శ్రుతిలోనే ఉంటుంది. ఒక్కటి గుర్తుంచుకోండి: సెట్టు మార్చినప్పుడు మెడ వంపు కూడా మారుతుంది. 10 నుంచి 12కు వెళ్తే మెడ ముందుకు లాగబడి తీగలు ఎత్తుగా నిలుస్తాయి. అప్పుడు మెడ వంపును సరిదిద్దేందుకు లోపల ఉండే లోహపు కడ్డీ అయిన ట్రస్ రాడ్‌ను పావు చుట్టుకు మించకుండా సరిచేయాలి. చేయి తిరగనివారు ఆ పని తెలిసినవారికే అప్పగించడం మంచిది.

13 సెట్ గురించి నా అనుభవం చెప్పాలి. కళాశాల రోజుల్లో, మైకు లేని సభలో నా గిటారు వెనక వరుసకు వినబడాలని, తేలిక తీగలకోసం చేసిన గిటారుకు 13 సెట్ ఎక్కించాను. ఆ వేసవిలో హనుమకొండలో మేడమీద గదిలో దానిని గోడకు ఆనించి ఉంచాను. మే నెలలో మన దగ్గర ఎండ 43, 44 డిగ్రీలు దాటడం మామూలే, స్లాబు కింది గది సాయంత్రానికి కూడా చల్లబడదు. ఆ వేడికి జిగురు మెత్తబడి, ఆ బరువుకు బ్రిడ్జి వెనక అంచు పైచెక్క నుంచి లేచింది. మొదట నాకు కనబడలేదు. ఒక రోజు నోటుబుక్కు కాగితం అంచు ఆ సందులోకి సాఫీగా దూరిపోయినప్పుడు గుండె గుభేలుమంది. అప్పటి నుంచి ఏ గిటారు చేతికి వచ్చినా ముందు బ్రిడ్జి వెనక కాగితం పెట్టి చూస్తాను. మీరూ అలాగే చూడండి. కాగితం దూరితే, ఆ గిటారుకు ఏ తీగలు వేయాలన్న ప్రశ్న బాగుచేయించిన తరువాతే.

నైలాన్ తీగల క్లాసికల్ గిటారుకు ఉక్కు తీగలు ఏ గేజ్‌వైనా వేయకూడదు. దాని పైచెక్క, బ్రిడ్జి ఆ బిగువుకోసం చేసినవి కావు. అలాగే దుకాణంలో "10 సెట్" అని మాత్రమే అడిగితే ఎలక్ట్రిక్ గిటారు తీగలు చేతికి రావచ్చు. వాటి మూడో తీగకు సాధారణంగా చుట్టు ఉండదు, 4, 5, 6 తీగల చుట్టు ఎక్కువగా నికెల్ పూసిన ఉక్కు లేదా నికెల్‌ది. ఎకూస్టిక్ గిటారు (కరెంటు లేకుండా పెట్టె మోతతోనే పలికేది) మీద అవి మెరుపు లేకుండా పలుకుతాయి.

ఇక లోహం. ఎకూస్టిక్ సెట్టులో మొదటి రెండు తీగలు ఏ రకంలోనైనా ఒట్టి ఉక్కే. మిగిలిన నాలుగింటికి నడుమ ఉక్కు తీగ, దాని చుట్టూ రాగి మిశ్రమం సన్నగా చుట్టి ఉంటుంది. "80/20 బ్రాంజ్" అన్నదానిలో 80 పాళ్ళు రాగి, 20 పాళ్ళు జింకు. రాగి, జింకు కలిస్తే మన భాషలో దాని పేరు ఇత్తడి. పెట్టెమీద కంచు అని ఉన్నా లోపల ఉన్నది హైదరాబాదు దారిలో జనగామకు దగ్గర్లోని పెంబర్తి కళాకారులు రేకుగా సాగగొట్టి నగిషీలు చెక్కే ఇత్తడి జాతిదే. "ఫాస్ఫర్ బ్రాంజ్" మాత్రం నిజంగా కంచు కుటుంబానిది: రాగిలో సుమారు 8 పాళ్ళు తగరం, రవ్వంత భాస్వరం. డాడారియో సంస్థ 1974లో దీనిని గిటారు తీగలకు తెచ్చింది. పక్కపక్కన పెడితే ఇత్తడి చుట్టు పసుపుగా, ఫాస్ఫర్ బ్రాంజ్ కాస్త ఎర్రగా రాగిఛాయలో కనబడుతుంది.

వినికిడిలో 80/20 కొత్తలో గలగలమని, గాజు గ్లాసు అంచు మీద చెంచా తగిలినంత స్పష్టంగా మోగుతుంది. కొద్ది రోజుల్లోనే ఆ మెరుపు తగ్గుతుంది. ఫాస్ఫర్ బ్రాంజ్ మొదటి నుంచీ కొంత నిండుగా, మెత్తగా ఉండి, ఆ గుణాన్ని ఎక్కువ రోజులు నిలుపుకుంటుంది. గొంతు కింద తోడుగా వాయించేవారికి, ఒక్కరే కూర్చొని పాడుకునేవారికి నేను రెండోదే చెబుతాను. మీ గిటారు సహజంగానే మందంగా, గుబగుబమంటూ పలికేదైతే 80/20 దానికి చురుకు తెస్తుంది. వేళ్ళు మరీ సున్నితమైనవారికి పట్టు, ఉక్కు కలిపిన తక్కువ బిగువు తీగలు కూడా ఉన్నాయి. వాటి శబ్దం చిన్నది, ఇంట్లో సాధనకు సరిపోతుంది.

తీగ ఎందుకు మూగబోతుందో తెలిస్తే పూత సంగతి సులభంగా అర్థమవుతుంది. మనం మీటిన స్వరంతో పాటు దాని రెట్టింపు, మూడింతల పౌనఃపున్యాలు కూడా కలిసి మోగుతాయి. కొత్త తీగలోని లోహపు గలగల అంతా ఆ పై స్వరాలదే. చెమట, నూనె, చర్మపు పొట్టు చుట్ల సందుల్లో చేరితే చుట్లు స్వేచ్ఛగా కదలలేవు, ముందుగా చచ్చిపోయేవి ఆ పై స్వరాలే. చెమటలోని ఉప్పుకు ఇత్తడి చిలుము పడుతుంది, చుట్టు లేని తీగలు తుప్పు పడతాయి. జూన్‌లో వానలు మొదలయ్యాక మన ప్రాంతంలో ఇది వేగం పుంజుకుంటుంది; రోజూ గంటసేపు వాయించే నా విద్యార్థుల పూతలేని తీగలు ఎండాకాలంలో రెండు నెలలు పలికినా, శ్రావణంలో నెల తిరిగేసరికి మసకబారడం చూస్తున్నాను.

పూత తీగల మీద సన్నని పాలిమర్ పొర ఉంటుంది. ఎలిక్సిర్ సంస్థ 1990ల చివర్లో వీటిని ప్రసిద్ధం చేసింది. వేలికింద జారుడుగా ఉంటాయి, కొత్తలో మెరుపు కొంచెం తక్కువ, కానీ ఉన్నది చాలాకాలం మారదు. ధర రెండు మూడింతలు. చేతులకు చెమట ఎక్కువ పట్టేవారు, వారానికి ఒకటి రెండుసార్లే వాయించేవారు పూత తీగలు కొంటే డబ్బు దండుగ కాదు. మీటే చోట పొర లేచి తెల్లని నూగులా కనబడితే వాటి కాలం తీరిందని గుర్తు.

వాయించేముందు చేతులు కడుక్కోవడం, అయ్యాక పొడి నూలుగుడ్డతో తీగలను అడుగు వైపు కూడా తుడవడం ఏ పూతకన్నా చౌక. పాత ధోతి ముక్క చాలు. రెండు వేళ్ళతో తీగను గుడ్డలో పట్టి నట్ (మెడ పై కొసన తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జి దాకా లాగితే నల్లని చార పడుతుంది. ఇత్తడి బిందెలా మెరవాలని చింతపండు మాత్రం పట్టించకండి; పులుసు సందుల్లో నిలిచి తీగను లోపలి నుంచి తినేస్తుంది. తీగ ప్రతిసారీ ఒకేచోట తెగుతుంటే దోషం తీగది కాదు. బ్రిడ్జి దగ్గర తెగితే అక్కడ తీగ ఆనే ఎముక పట్టీ అంచు మీద, పైన తెగితే తీగ బిగించే మర కంత మీద గరుకు ఉందేమో చూడండి.

ఈ వారం సాధన. కొత్త తీగలు కొనేముందు, పాత తీగలతోనే ఆరో తీగ నుంచి మొదటి తీగ దాకా ఒక్కొక్కటి మీటి, ఆగిపోయేదాకా వినండి. ఆపై ఇ మైనర్, జి, సి కార్డులు (కలిపి మోగించే స్వరాల గుచ్ఛాలు) వరసగా వాయించండి. ఫోనును రెండడుగుల దూరంలో ఒకేచోట ఉంచి దీనిని రికార్డు చేయండి. వచ్చే పాఠం చూసి కొత్తవి వేశాక అదే చోట, అదే బలంతో మళ్ళీ రికార్డు చేయండి. ఈసారి మందం మార్చితే లోహం మార్చకండి, లోహం మార్చితే మందం మార్చకండి. రెండూ ఒకేసారి మారితే ఏ తేడా దేనివల్ల వచ్చిందో మీ చెవికి తెలియదు. గిటారు సంచిలో చిన్న కాగితం మీద సెట్టు పేరు, అంకెలు, వేసిన తేదీ రాసి ఉంచండి. వచ్చే పాఠంలో తీగలు విప్పడం, ఎక్కించడం నేర్చుకుంటాం. అందుకు ఒక పాత కత్తెర, ఒక కటింగ్ ప్లయర్, ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. పాత తీగలను ఒకేసారి అన్నీ కోసేయకండి, ఎలా విప్పాలో అప్పుడు చూద్దాం.