పట్టేసిన స్ప్లెండర్ ఇంజిన్: విప్పి, సరిచేసి, బిగించే పద్ధతి

ఆయిల్ అందక పట్టేసిన (పిస్టన్ బిగుసుకుపోయి తిరగని) 97.2 సీసీ స్ప్లెండర్ బైకు ఇంజిన్‌కు కొత్త బోర్ కిట్టు (బ్లాక్, పిస్టన్, రింగులు) వేసి బిగించేస్తే బండి నడుస్తుంది గాని, ఆయిల్ ఎందుకు అందలేదో తేల్చకపోతే కొత్త కిట్టుకూ అదే గతి పడుతుంది. అందువల్ల కారణాన్ని విప్పేటప్పుడే వెతకాలి. ఆయిల్‌ను తెల్లటి పళ్ళెంలోకి దించి చూడండి. అయస్కాంతానికి అంటని మెరిసే పొడి పిస్టన్ గీసుకుపోయిందనడానికి గుర్తు. అంటుకునే ఇనుప రజను కనిపిస్తే బేరింగులనూ గేర్లనూ కూడా అనుమానించాలి. తరువాత క్లచ్ వైపు కవరు తీసి ఆయిల్ వడకట్టే జాలీని, తిరుగుతూ మురికిని వేరుచేసే సెంట్రిఫ్యూగల్ ఫిల్టర్‌ను, ఆయిల్ పంపును పరీక్షించాలి. పాత రిపేరులో ధారాళంగా పూసిన గ్యాస్కెట్ పేస్టు ముక్కలుగా ఊడి జాలీకి అడ్డం పడి ఉండవచ్చు.

హెడ్, బ్లాక్ తీశాక కనెక్టింగ్ రాడ్‌ను పట్టుకుని కదిపి చూడాలి. అది పక్కలకు కొద్దిగా జరగడం సహజమే గాని, నిలువునా లూజు తెలిసిందంటే బిగ్ ఎండ్ (రాడ్ కింది చివరి బేరింగు) పోయినట్టే. అప్పుడు ఇంజిన్ కింది పెట్టె, అంటే క్రాంక్ కేసు, విప్పక తప్పదు. ఖర్చుకు జంకి ఇక్కడ సర్దుకుపోయేకంటే అసలు పని మొదలుపెట్టకపోవడమే మేలు.

పాత బ్లాక్‌నే వాడాలంటే దాని లోపలి వ్యాసాన్ని పైన, మధ్యన, కింద, ఒక్కో చోట రెండు అడ్డదిశల్లో కొలిపించాలి. మూల కొలత 50 మి.మీ.; అరిగిన బ్లాక్ కోసం చేసే ఓవర్‌సైజ్ (పెద్ద కొలత) పిస్టన్లు 0.25 మి.మీ. చొప్పున పెరుగుతూ 1.00 దాకా వస్తాయి. ముందు పిస్టన్ కొని లేత్ షాపులో ఇచ్చి, దాని కొలతకే బోర్ చేయించాలి (బ్లాక్ లోపలిని తొలిపించాలి). హోనింగ్ (రాతితో లోపల సన్నని గీతలు తీయడం) అయిన బ్లాక్‌ను పెట్రోలుతో తుడిచి ఊరుకోకూడదు. గీతల్లో చిక్కుకున్న రాతిపొడి దానికి పూర్తిగా వదలదు. వేడినీళ్ళు, సబ్బు, బ్రష్‌తో రుద్ది కడిగి, ఆరాక ఆయిల్ పూసిన తెల్లగుడ్డతో లోపల తుడవాలి. గుడ్డకు బూడిదరంగు అంటినంతసేపూ మళ్ళీ కడగవలసిందే.

రింగులను పిస్టన్‌కు ఎక్కించే ముందు ఒక్కొక్కదాన్ని బోర్‌లోకి సమంగా దించి, మూతుల మధ్య ఎడాన్ని ఫీలర్ గేజితో (సన్నని రేకుల కొలతకోలతో) కొలిచి మాన్యువల్‌తో సరిచూడాలి. ఎక్కించాక ఆ మూతులన్నీ ఒకే వరుసలోకి రానీయకూడదు. పిస్టన్ మీది ‘ఇన్’ గుర్తు కార్బురేటర్ వైపు ఉండాలి. పిస్టన్ పిన్ జారకుండా పట్టే సర్‌క్లిప్పులు కొత్తవే వేయాలి. హెడ్‌కు ఆయిల్ వెళ్ళే దారిని గాలితో ఊది, దాని ఓరింగును మార్చాలి. హెడ్ నట్లను ఎదురెదురుగా, విడతలవారీగా టార్క్ రెంచితో బిగించాక, మాగ్నెట్ మీది ‘టి’ గుర్తును క్రాంక్ కేసు గుర్తుకూ, క్యామ్ స్ప్రాకెట్ గుర్తును హెడ్ మీది గుర్తుకూ ఎదురుగా తెచ్చాకే క్యామ్ చైన్ వేయాలి.

స్టార్ట్ చేసే ముందు కొత్త ఆయిల్ పోసి, స్పార్క్ ప్లగ్ తీసి, హెడ్ మీది టాపెట్ మూత విప్పి, రాకర్ల (వాల్వులను నొక్కే చేతుల) మీద ఆయిల్ తడి కనబడేదాకా కిక్ కొడుతూ ఉండాలి. ఎంతకీ రాకపోతే కవరు మళ్ళీ తీయవలసిందే; ‘స్టార్ట్ చేస్తే అదే వస్తుంది’ అనే మాట నమ్మకండి. మొదటి 500 కి.మీ. బరువు వేయకుండా, ఒకే వేగంలో గంటలతరబడి లాగకుండా నడిపి, ఆయిల్ మార్చి, చల్లారిన ఇంజిన్‌లో టాపెట్లు (వాల్వుల దగ్గరి ఎడం) మరోసారి సరిచేయించాలి.